తన్నుల దండ

పెళ్లిపందిట్లో పిడిగుద్దులు, సినిమా హాల్లో సిగపట్లు, నడుమ ఓ ప్రేమకథ. పెద్ద కారణమేమీ లేకుండానే కొట్టుకునే కుర్రాళ్లతో మలయాళ చిత్రం ‘తల్లుమాల’ మాస్ సినిమా లెక్కనే మార్చేసింది. ఎలా?

మన తెలుగు సినిమాలో హీరో చెయ్యెత్తాలంటే ముందు బోలెడు తతంగం నడవాలి. చెల్లెలు కన్నీళ్లు పెట్టుకోవాలి. ఊరి భూములు కబ్జా కావాలి. విలన్ ఓ ముసలాయన్ని కాలితో తన్నాలి. ఇంత జరిగాక, ఇంటర్వెల్‌కు కాస్త ముందు, హీరో చొక్కా చేతులు మడుస్తాడు. అప్పటికి హాల్లో ప్రతి ఒక్కరూ మనసులో ‘కొట్టు’ అనేసి ఉంటారు. ఆ దెబ్బకు అందరి అనుమతీ ఉంటుందన్నమాట.

2022 ఆగస్టు 12న విడుదలైన ‘తల్లుమాల’ ఆ అనుమతి అడగనే అడగదు. ఇందులో కుర్రాళ్లు చూపు తేడాగా ఉందనో, మాట తూలిందనో కొట్టుకుంటారు. కొట్టినవాడు దేవుడైపోడు, తిన్నవాడు రాక్షసుడైపోడు. హీరో కూడా శుభ్రంగా తన్నులు తింటాడు, లేచి చొక్కా దులుపుకుంటాడు. మధ్యాహ్నం గుద్దుకున్నవాళ్లే తర్వాత భుజాల మీద చేతులేసుకుని తిరుగుతారు.

విడుదలకు ముందు కోజికోడ్‌లోని ఓ మాల్‌లో ప్రచార కార్యక్రమం పెడితే, జనం తాకిడికి తట్టుకోలేక రద్దు చేయాల్సి వచ్చింది. కుర్రకారు ఈ సినిమా కోసం అంతగా కాచుకుని ఉంది.

కథ గోరంత

మణవాళన్ వసీం (టొవినో థామస్) పొన్నాని కుర్రాడు. మసీదు దగ్గర మొదలైన ఓ తగాదాలో జంషీ (లుక్మాన్ అవరాన్) పరిచయమవుతాడు. వాళ్ల స్నేహానికి ఆ తగాదాయే పునాది. వ్లాగర్‌గా పేరు తెచ్చుకున్న బీపాత్తు (కల్యాణి ప్రియదర్శన్) మీద వసీం మనసు పడతాడు. ఎస్సై రెజి మాథ్యూ (షైన్ టామ్ చాకో)తో వైరం పెరుగుతుంది. ఫోన్లో పడ్డ ఓ కొట్లాట వీడియో చేతులు మారుతూ ఊరంతా తిరుగుతుంది. చివరికి అన్ని లెక్కలూ పెళ్లిపందిట్లో తేలతాయి.

వరసలో చెబితే ఇంతే. కానీ సినిమా వరసలో చెప్పదు. పెళ్లి, వైరం, స్నేహం, ప్రేమ ముందువెనకలుగా దూసుకొస్తాయి. ఒక దెబ్బ ముందు చూస్తాం. అది ఎవరి బాకీయో అరగంట తర్వాత తెలుస్తుంది. అలా తెలిసినప్పుడు నవ్వొస్తుంది. ఇంత చిన్న విషయానికా ఇంత యుద్ధం అని.

దర్శకుడు ఖాలిద్ రెహమాన్‌కు గోరంత విషయాన్ని పట్టుకుని సినిమా తీయడం కొత్త కాదు. 2019లో మమ్ముట్టితో తీసిన ‘ఉండ’లో కేరళ పోలీసులు ఎన్నికల విధుల మీద మావోయిస్టు ప్రాంతమైన బస్తర్‌కు వెళతారు. వాళ్ల దగ్గర తుపాకులుంటాయి, సరిపడా తూటాలుండవు. కథంతా ఆ కొరత చుట్టూనే. ‘తల్లుమాల’ కుర్రాళ్లకు ఆ ఇబ్బంది లేదు. ఒంట్లో సత్తువ పుష్కలంగా ఉంది, దాన్ని పెట్టే చోటే లేదు.

ఊరే హీరో

ఈ సినిమాను పొన్నాని నుంచి విడదీయలేం. భారతప్పుళ నది అరేబియా సముద్రంలో కలిసే చోట ఉన్న పాత రేవు పట్టణం అది. మలబారు ముస్లింల విద్యకు, మతానికి శతాబ్దాలుగా కేంద్రం. పదహారో శతాబ్దంలో పోర్చుగీసుల మీద పోరాటాన్ని గ్రంథస్థం చేసిన షేక్ జైనుద్దీన్ మఖ్దూమ్ ఇక్కడి పండితుడే. ఇప్పుడది మలప్పురం జిల్లాలో ఉంది. గల్ఫ్ సంపాదనతో ఇళ్లు లేచిన జిల్లా, ఏడుగురేసి ఆటగాళ్లతో ‘సెవెన్స్’ ఫుట్‌బాల్ పందేలకు ఊగిపోయే జిల్లా.

చాలా కాలం మలయాళ తెర మీద మలప్పురం ముస్లిం అంటే హాస్యగాడో, అనుమానించదగ్గవాడో. ఆ మూస గత పదేళ్లలోనే బీటలు వారింది. ‘తల్లుమాల’ రచయితల్లో ఒకరైన ముహ్సిన్ పరారి 2015లో ‘కెఎల్ 10 పత్తు’ తీశాడు. ఆ పేరులోని కెఎల్ 10 మలప్పురం బళ్ల నంబరే. 2018లో వచ్చిన ‘సుడానీ ఫ్రమ్ నైజీరియా’ రచనలోనూ అతని చెయ్యుంది. సెవెన్స్ ఆడటానికి వచ్చిన ఓ ఆఫ్రికన్ కుర్రాడి కథ అది. మరో రచయిత అష్రఫ్ హంజా ‘తమాశ’, ‘భీమంటె వళి’ చిత్రాల దర్శకుడు. వీళ్లిద్దరూ తమ ఊళ్ల యాసను, విందులను, వెటకారాన్ని సంజాయిషీ ఇచ్చుకోకుండా తెరకెక్కించినవాళ్లు. ‘తల్లుమాల’ ఓ అడుగు ముందుకేసి, మా కుర్రాళ్లు మంచివాళ్లని నిరూపించే పనిని కూడా పెట్టుకోలేదు. మంచివాళ్లో కాదో, కుర్రాళ్లు. అంతే.

సినిమా పేరులోనూ ఆ నేలే ఉంది. తల్లు అంటే తన్నులాట. మాల అంటే దండ. మలబారు మాప్పిళ ముస్లింల సాహిత్యంలో ‘మాల’ ఒక పాట ప్రక్రియ కూడా. కోజికోడ్ ఖాజీ ముహమ్మద్ 1607లో రాసిన ‘ముహియుద్దీన్ మాల’ను ఇప్పటికీ ఇళ్లలో పాడుకుంటారు. పుణ్యపురుషుల మహిమలు పాడే ఆ సంప్రదాయం పేరును అల్లరి మూక కొట్లాటలకు తగిలించడంలోనే సినిమా వెటకారమంతా ఉంది.

కత్తెర, కండ, దరువు

గోరంత కథను రెండు గంటలకు పైగా నిలబెట్టింది సాంకేతిక బృందం. మొదట చెప్పుకోవాల్సింది ఎడిటర్ నిషాద్ యూసుఫ్ గురించి. రీల్స్ చూసే వేలు ఒక వీడియో మీద నుంచి ఇంకోదానికి జారినట్టు అతని కత్తెర నడిచింది. తెర మీద అక్షరాలు, కార్టూను బొమ్మల రంగులు, చటుక్కున మారే దృశ్యాలు. ఇంత హడావుడిలోనూ ఎవరు ఎవర్ని కొట్టారో చూసేవాళ్లకు తికమక ఉండదు. కేరళ రాష్ట్ర ప్రభుత్వం 2022 చిత్రాలకు ఇచ్చిన పురస్కారాల్లో ఉత్తమ ఎడిటర్ అతనే. 2024 అక్టోబరు 30న నిషాద్ కన్నుమూశాడు. నలభై మూడేళ్లకే వెళ్లిపోయిన ఆ ప్రతిభకు ఈ సినిమాను మించిన గుర్తు లేదు.

ఫైట్ మాస్టర్ సుప్రీమ్ సుందర్. తాళ్లు కట్టి గాల్లో ఎగరేసే పని పెట్టుకోలేదు. మీద పడటం, కాలర్ పట్టుకోవడం, గురి తప్పి పక్కవాణ్ని గుద్దడం, ఆయాసపడటం, మళ్లీ మీద పడటం. సినిమా హాల్లో జరిగే కొట్లాట చూడండి. కుర్చీల వరసల మధ్య ఇరుకే ఆ ఫైటుకు ఊతం. ఎవరికీ సరిగ్గా చెయ్యి ఊపే జాగా లేదు, కాబట్టి ప్రతి దెబ్బా కాస్త అసహ్యంగా, కాస్త నవ్వు పుట్టించేలా పడుతుంది. దర్శకుడి అన్న జింషి ఖాలిద్ కెమెరా దూరంగా నిలబడి చోద్యం చూడదు, మూకలో ఒకరిలా దూరిపోతుంది.

సంగీత దర్శకుడు విష్ణు విజయ్ స్వతహాగా వేణువాద్యకారుడు. ఇక్కడ మాప్పిళ పాట వరసలను ర్యాప్‌తో కలిపి వాయించాడు. పెళ్లిళ్లలో పాడే బాణీ వినిపిస్తూనే కింద బీట్ దడదడలాడుతుంది. ‘మణవాళన్ థగ్’ పాటలో వినిపించే గొంతు మలప్పురం ర్యాపర్ డాబ్జీది. 2024లో ‘ఆవేశం’ చిత్రంలోని ‘ఇల్యుమినాటి’ పాటతో మన కుర్రాళ్ల రీల్స్‌లోకీ దూరిన గొంతు అదే. మషర్ హంసా కుట్టించిన మెరుపు రంగుల చొక్కాలు సరేసరి. ఈ కుర్రాళ్లు కొట్లాటకు కూడా ముస్తాబయ్యే వెళతారు.

తూకం తప్పిన చోట

ప్రేమకథ దగ్గర మాత్రం సినిమా తడబడింది. బీపాత్తు తన పేరు తాను సంపాదించుకున్న అమ్మాయి. మాటల్లో తెగువ ఉంది. కానీ కొట్లాట మొదలవగానే ఆమె పక్కకు తప్పుకోవాల్సిందే. ఇంత కొత్తగా ఆలోచించిన రచయితలకు ఆమె చేతికి కథలో ఓ పగ్గం ఇవ్వాలని తోచలేదు. ఇదే కల్యాణి ప్రియదర్శన్ 2025లో ‘లోక’ చిత్రాన్ని తన భుజాల మీద మోసింది. దాన్ని చూశాక ఆ లోటు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

రెండో ప్రశ్న హింస గురించి. 2024 డిసెంబరులో వచ్చిన ‘మార్కో’ చిత్రం తర్వాత తెర మీది నెత్తురు గురించి కేరళలో పెద్ద చర్చే నడిచింది. ‘తల్లుమాల’ కూడా దెబ్బలను సరదాగా చూపిందనడంలో అబద్ధం లేదు. అయితే ‘మార్కో’లో హింస భయపెట్టడానికి, ఇక్కడ బయటపెట్టడానికి. ఎంత చిన్న మాటకు ఎంత పెద్ద పరువును పణం పెడతారో, ఓ వీడియో చేతులు మారితే ఒక మనిషి కసి ఎంత ముదురుతుందో ఈ సినిమా నవ్విస్తూనే చూపించింది. యూనిఫాం వేసుకున్న ఎస్సై రెజిలోనూ అదే కుర్రతనం, అదే అహం. చట్టం పేరుతో అతను చేసేది కూడా బాకీ తీర్చుకోవడమే.

మనకెంత దగ్గర?

ఈ బృందంలో చాలామంది మనకు కొత్తవాళ్లు కారు. కల్యాణి తొలి సినిమా తెలుగులోనే, 2017లో ‘హలో’. తర్వాత ‘చిత్రలహరి’, ‘రణరంగం’ చేసింది. షైన్ టామ్ చాకోను ‘దసరా’లో, ‘దేవర’లో చూశాం. టొవినో ‘మిన్నల్ మురళి’, ‘2018’ చిత్రాలతో మన ఇళ్లలోకి వచ్చాడు. ఖాలిద్ తీసిన ‘ఆలప్పుళ జింఖానా’ 2025లో తెలుగు మాటలతో మన హాళ్లకే వచ్చింది. సుప్రీమ్ సుందర్ ‘అయ్యప్పనుమ్ కోషియుమ్’ పోరాటాలకు జాతీయ పురస్కారం పంచుకున్నాడు. ఆ కథే మన ‘భీమ్లా నాయక్’.

మరి దీన్నీ రీమేక్ చేయొచ్చా? కుదరదు. ‘అయ్యప్పనుమ్ కోషియుమ్’లో ఇద్దరు మనుషుల అహం ఉంది, దాన్ని ఏ ఊరికైనా పట్టుకెళ్లొచ్చు. ‘తల్లుమాల’ నుంచి పొన్నాని యాస, పెళ్లిపాట, గల్ఫ్ సెంటు వాసన తీసేస్తే మిగిలేది ఎవరో కొందరు కొట్టుకోవడమే. మన హీరో చేతికిస్తే మొదటి పని, ఆ దెబ్బలకో గొప్ప కారణం వెతకడం. అక్కడితో సినిమా చచ్చిపోతుంది.

తీసుకోవాల్సింది ధైర్యం ఒక్కటే. అది మనకు లేకపోలేదు. 2023లో ‘బలగం’ విందులో నల్లిబొక్క దగ్గర పుట్టిన అలకతో రెండు కుటుంబాలు ఏళ్లకేళ్లు దూరమైన కథ చెప్పి, తెలంగాణ పల్లెలను తెరల ముందు కూర్చోబెట్టింది. మనుషులు నిజంగా కొట్టుకునేది ఇలాంటి వాటికే. బరాత్‌లో డీజే పాట మార్చనందుకు, బంతిలో ముక్క తక్కువ పడినందుకు, బండికి దారి ఇవ్వనందుకు. ‘బలగం’ దర్శకుడు వేణు యెల్దండి వాటిలో కన్నీళ్లు చూశాడు, ఖాలిద్ రెహమాన్ నవ్వు చూశాడు. మన మాస్ సినిమా మాత్రం ఇంకా విలన్ కబ్జా చేసే భూముల కోసమే వెతుకుతోంది.