ఇంట్లో పది పిల్లులున్నా వాసన రాకుండా: ఊక, బొగ్గు, కొబ్బరి పొట్టుతో లిట్టరు



ఎలుకల కోసం ఒక పిల్లిని పెట్టుకోవడం మనలో చాలామందికి అలవాటే. కానీ సంచిలో కట్టి రోడ్డు పక్కన పడేసిన పిల్లల్నీ, బండి కింద పడి కాలు విరిగినవాటినీ చూసి వదల్లేక తెచ్చుకుంటూ పోతే ఒకటి కాస్తా పది దాటుతుంది. మా పొలం ఇంట్లో ఇప్పుడు పదకొండు ఉన్నాయి. విత్తనాల గదిలో ఎలుకల బెడద లేదు, బాగానే ఉంది. కానీ పదకొండు పిల్లుల మూత్రం వాసన అంటే మాటలు కాదు. మేము దాన్ని ఎలా అదుపులో పెట్టుకుంటున్నామో పై వీడియోలో చూపించాను. కొలతలు, కారణాలు వీడియోలో వివరంగా చెప్పడం కుదరలేదు, అవి ఇక్కడ రాస్తున్నాను.

వాసన ఎక్కడి నుంచి వస్తుంది?

పిల్లి ఎడారి జాతి జంతువు. దాని పూర్వీకులు ఆఫ్రికా, పశ్చిమాసియా ఎండు నేలల్లో బతికిన అడవి పిల్లులు. అందుకే నీళ్లు తక్కువ తాగి, మూత్రాన్ని బాగా చిక్కగా పోస్తుంది. ఆ చిక్కదనంలో ఉండేది ఎక్కువగా యూరియా. మనం పొలంలోకి యూరియా బస్తా రానివ్వం, పిల్లులు మాత్రం ఇంట్లోకి రోజూ తెస్తాయి!

తాజా మూత్రం పెద్దగా వాసన రాదు. సూక్ష్మజీవులు తమ ఎంజైముతో యూరియాను విడగొట్టినప్పుడు అమ్మోనియా పుడుతుంది. కళ్లు మండేది దానికే. ఇది కాక పిల్లికి మాత్రమే ఉండే ఘాటు ఇంకొకటి ఉంది. ఫెలినిన్ అనే పదార్థం మూత్రంలో ఉంటుంది, అది మెల్లగా విడిపోయి గంధకం వాసన ఇస్తుంది. ఆపరేషన్ చేయించని మగపిల్లిలో ఇది చాలా ఎక్కువ.

అంటే మనకు తెలిసిన లెక్కే ఇది. కంపోస్టు గుంటలో పచ్చి పేడ ఎక్కువై, ఎండుటాకు తక్కువై, తడి పెరిగితే ఏమవుతుంది? కంపు కొడుతుంది. ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్లు కార్బనం ఉంటేనే గుంట సరిగ్గా నడుస్తుంది. పిల్లి టబ్బులోనూ నత్రజని, తడి ఎక్కువై కార్బనం తక్కువైతేనే కంపు. అగరొత్తులు, సెంట్లు వాసనను కాసేపు కప్పుతాయి, అంతే. కార్బనం, పొడిదనం పెంచాలి.

మా లిట్టరు ఇలా కలుపుతాం

కడిగి ఎండబెట్టిన కొబ్బరి పొట్టు 4 పాళ్లు, రంపపు పొట్టు 2 పాళ్లు, నలగ్గొట్టిన కట్టెబొగ్గు 1 పాలు. టబ్బులో మూడు అంగుళాల మందం పరుస్తాం.

కొబ్బరి పొట్టు తన బరువుకి ఎన్నో రెట్ల తడి పీలుస్తుంది. రంపపు పొట్టులో కార్బనం ఎక్కువ. బొగ్గు తన సన్నని రంధ్రాల్లో వాసనను పట్టుకుంటుంది. బొగ్గుని ఒకసారి నీళ్లలో కడిగి ఎండబెట్టండి, దానికి అంటుకున్న బూడిద పోవాలి. ఎందుకో కింద చెప్తాను. రంపపు పొట్టు మామూలు కట్టెకోత మిల్లు నుంచే తెచ్చుకోండి. ప్లైవుడ్ పొట్టులో జిగురు మందులుంటాయి, వద్దు.

మనకు చౌకగా దొరికేది వరి ఊక కదా, అదొక్కటే వెయ్యొచ్చా? ఊక తడిని పెద్దగా పీల్చదు, మూత్రం కిందకి దిగి టబ్బు అడుగున నిలుస్తుంది. ఊకని మేము టబ్బుల చుట్టూ నేల మీద చల్లడానికి వాడతాం, కాళ్లకి అంటిన తడి దాంట్లో పోతుంది.

టబ్బుల సంఖ్య విషయంలో పశువైద్యులు చెప్పే లెక్క ఒకటుంది: పిల్లుల సంఖ్యకి ఒకటి కలపాలి. మాకు 12. అన్నీ ఒకే వరుసలో పెడితే ఉపయోగం లేదు, గడుసు పిల్లి ఒకటి దారికి అడ్డం కూర్చుంటే మిగతావి మూలల్లో పోస్తాయి. వేర్వేరు చోట్ల, గాలి ఆడే చోట పెట్టండి.

బూడిద వెయ్యకండి, జీవామృతం చల్లకండి

పిల్లి పాడు చేసిన చోట బూడిద చల్లడం మన ఇళ్లల్లో పాత అలవాటు. మలం మీద అయితే పర్వాలేదు, తడి లాగేస్తుంది. మూత్రం మీద మాత్రం వద్దు. బూడిద, సున్నం రెండూ క్షారాలు. నత్రజని అమ్మోనియం రూపంలో ఉన్నంతసేపు ముక్కుకి తగలదు, క్షారం తగిలిందంటే అమ్మోనియా వాయువుగా లేస్తుంది. అందుకే వాసన తగ్గకపోగా పెరుగుతుంది. కొంచెం పులుపు తగిలితే దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. అందుకని నేల మీద పోసిన చోట ముందు పొడిబట్టతో అద్ది, వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి తుడిచి, తర్వాత మామూలు నీళ్లతో కడుగుతాం.

జీవామృతం చల్లితే సూక్ష్మజీవులు వాసన తినేస్తాయి కదా అని మనకి అనిపించడం సహజం. కానీ యూరియాని విడగొట్టే ఎంజైము పేడలో దండిగా ఉంటుంది. దానికి తడి కూడా తోడైతే అమ్మోనియా ఇంకా తొందరగా పుడుతుంది. జీవామృతం పొలానికే.

నిమ్మ, బత్తాయి తొక్కల బయో ఎంజైమ్ మనలో చాలామంది చేసుకుంటున్నారు. ఒక పాలు బెల్లం, మూడు పాళ్లు తొక్కలు, పది పాళ్లు నీళ్లు, మూడు నెలలు. గడపలకీ అరుగులకీ పలచగా కలిపి వాడి కడిగెయ్యండి, కానీ పిల్లి టబ్బుకి వద్దు. పిల్లులకి ఆ వాసన పడదు, టబ్బు మానేసి మంచం కింద పోస్తాయి. టబ్బులకి కుంకుడుకాయ రసం, ఎండ చాలు.

ఫినాయిల్ మాత్రం ఇంటికే తేకండి. ఫినాల్ జాతి రసాయనాలను అరిగించుకునే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తుడిచిన నేల మీద నడిచి, కాళ్లు నాక్కుంటుంది. విషం అలా లోపలికి పోతుంది. మూత్రం మీద బ్లీచింగ్ పౌడర్ వేసినా ప్రమాదమే. అమ్మోనియాతో కలిసి ఊపిరితిత్తులకి హాని చేసే వాయువు వస్తుంది.

ఆపరేషన్, తిండి

మగపిల్లి తోక పైకెత్తి గోడ మీద చిమ్మే మూత్రానికి ఏ లిట్టరూ పనిచెయ్యదు. అది దాని సరిహద్దు గుర్తు. ఐదారు నెలల వయసులో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయిస్తే ఆ అలవాటు, ఆ ఘాటు రెండూ చాలావరకు పోతాయి. ఆడపిల్లులకీ చేయించాలి. పిల్లి చూలు తొమ్మిది వారాలే, ఏడాదికి రెండు మూడు ఈతలు ఈనుతుంది.

పాలన్నం పెట్టే ఇళ్లల్లో వాసన ఎక్కువ. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. మాంసం, గుడ్డు, చేప వాటి తిండి. నీళ్ల గిన్నెలు రెండు మూడు చోట్ల పెట్టండి. ఒక్క జాగ్రత్త: మగపిల్లి టబ్బులో మాటిమాటికీ కూర్చుని, అరుస్తూ, మూత్రం రాక ఇబ్బంది పడుతుంటే రేపు చూద్దాం అనుకోకండి. నాళం మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. ఆ పూటే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

వాడిన లిట్టరు ఎక్కడ వెయ్యాలి?

ఈ భాగం దాటెయ్యకండి. మన పద్ధతిలో ఏదీ వృథా కాదు, అన్నీ నేలకే తిరిగివ్వాలి. పిల్లి మలం విషయంలో మాత్రం ఆ సూత్రాన్ని కూరగాయల మడి దగ్గర ఆపాలి.

ఎలుకల్నీ పిట్టల్నీ తినే పిల్లికి టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి సోకుతుంది. మొదటిసారి సోకినప్పుడు ఒకటి నుంచి మూడు వారాల పాటు మలంలో లక్షల కొద్దీ గుళికలు పడతాయి. అవి బయటపడిన ఒకటి నుంచి ఐదు రోజుల్లో అంటుకునే దశకి వస్తాయి. తడి నేలలో ఏడాదికి పైగా బతుకుతాయి. గర్భిణికి కొత్తగా సోకితే కడుపులో బిడ్డకి ప్రమాదం. గొర్రెలు, మేకలు ఈసుకుపోవడానికీ ఇదొక కారణం.

వర్మీ కంపోస్టులో వేడి పుట్టదు. మామూలు కుప్పలో నడిమధ్య వేడెక్కినా అంచులు చల్లగానే ఉంటాయి. కాబట్టి ఆ ఎరువు కొత్తిమీరకీ తోటకూరకీ వెయ్యకూడదు. రసాయనాలు లేని ఆకుకూర అని నమ్మి పచ్చిగా తినేవాళ్లకి మనం జవాబు చెప్పుకోవాలి కదా.

మేము బావికీ బోరుకీ దూరంగా, గట్టు మీది టేకు, కానుగ చెట్ల దగ్గర రెండడుగుల గుంట తీసి పూడుస్తాం. పైన మట్టి కప్పి కంప వేస్తాం. పశువులు మేసే చోట, గడ్డివాము దగ్గర వెయ్యం. నారుమళ్లలో, ఆకుకూర మడుల్లో మెత్తటి మట్టి కనబడితే పిల్లులు అక్కడికే పోతాయి, మొలక వచ్చేదాకా వాటి మీద కంప పరచాలి. ఇంటి వెనక చూరు కింద ఒక ఇసుక గుంట చేసిపెడితే చాలావరకు అక్కడికే అలవాటు పడతాయి. దాన్నీ టబ్బులాగే రోజూ శుభ్రం చెయ్యాలి.

గర్భిణులు టబ్బులు ముట్టుకోకూడదు. అంతమాత్రాన పిల్లుల్ని వదిలెయ్యక్కర్లేదు, ఇంట్లో ఇంకొకరు చేతొడుగులు వేసుకుని చేస్తే సరిపోతుంది.

పనుల పట్టిక

- రోజూ రెండు పూటలా: మలం, తడిసి ముద్దైన పొట్టు తీసెయ్యాలి. రోజూ తీస్తే గుళికలు అంటుకునే దశకి రాకముందే పోతాయి కూడా.
- రెండు రోజులకి: పైన కొత్త పొట్టు ఒక దోసిలి.
- వారానికి: టబ్బు మొత్తం ఖాళీ చేసి, కడిగి, ఎండలో ఆరబెట్టాలి. వానాకాలంలో నాలుగు రోజులకే.
- నెలకి: రాత్రిపూట నకిలీ నోట్లు చూసే నీలం లైటుతో గోడల మూలలు చూడాలి. పాత మూత్రం మరకలు మెరుస్తాయి.
- మూడు నెలలకి: పశువైద్యుడు చెప్పినట్టు నులిపురుగుల మందు.

వాసన ఉందో లేదో తెలియాలంటే నిలబడి చూడకండి. మన ముక్కు అలవాటు పడిపోతుంది. బయట నుంచి వచ్చిన వెంటనే టబ్బు పక్కన పిల్లి ఎత్తులో కూర్చుని ఊపిరి పీల్చండి. అక్కడ మీ కళ్లు మండితే పిల్లికి రోజంతా మండుతున్నట్టే.

పదకొండు టబ్బులకి పైగా తీసి కడగడానికి మాకు పొద్దున ముప్పావు గంట, సాయంత్రం అరగంట పడుతుంది. ఇంకో పిల్లిని తెచ్చే ముందు మేము చూసుకునేది ఆ గంటంపావే. దానికి తిండి ఎలాగైనా సర్దొచ్చు. ఇంకో టబ్బు రోజూ కడిగే ఓపిక ఉంటేనే తెస్తాం, లేకపోతే దానికి ఇల్లు చూసిపెడతాం.