తెరకును పరికరమునకును నడుమ: నూతన సంధాన ప్రమాణములు

మహబూబ్‌నగర్ మీదుగా ద్రోణాచలమునకు పోవు రైలు మార్గము 1990 దశకము వరకును మీటర్ గేజి మార్గము. నల్గొండ మీదుగా పోవు బీబీనగర్–నడికుడి మార్గము మొదటినుండియు బ్రాడ్ గేజిదే. పట్టాల నడుమ దూరము మొదటిదానికి 1 మీటరు, రెండవదానికి 1.676 మీటర్లు. ఈ కొద్దిపాటి భేదము వలన ఒక దారి బండి మరియొక దారిలో నడువజాలదు. గేజి మారినచోట సరుకునంతయు దింపి మరల ఎక్కింపవలసి వచ్చెడిది. ఇంజను బలమెంత యున్నను పట్టాలు కుదురనిదే ప్రయాణము సాగదు. ఇట్లు ఇరువైపులవారును ముందుగా ఒప్పుకొనిన కొలతలకే ప్రమాణమని పేరు.

చిత్రమును చూపు తెరకును, ఆ చిత్రము నందించు పరికరమునకును నడుమ నుండు తీగ విషయమును ఇట్టిదే. 2016లో తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో డిజిటల్ తరగతులు ఆరంభమైనవి. 2023లో మహబూబ్‌నగర్ చెంత దివిటిపల్లిలోను, నల్గొండలోను ఐ.టి. టవర్లు తెరువబడినవి. ఇక ఇంటింట టెలివిజన్ ఉండనే ఉన్నది. తెరలు పెరిగినకొలది వాటి వెనుక నుండు పోర్టుల రకములును పెరిగినవి. ఏది మేలో తెలియక కొనువారు తికమకపడుట సహజము.

పాత ప్రొజెక్టర్లకు నేటికిని కనబడు నీలిరంగు ప్లగ్గు వి.జి.ఎ. దీనిని 1987లో ఐ.బి.ఎం. సంస్థ ప్రవేశపెట్టినది. పదునైదు పిన్నులు గల ఈ ప్లగ్గు విద్యుత్తు హెచ్చుతగ్గుల రూపమున చిత్రమును మాత్రమే పంపును. ధ్వనికి వేరొక తీగ కావలెను. తీగ పొడవైనకొలది బొమ్మ మసకబారును. ఈ లోపములను తీర్చుటకై 2002 డిసెంబరులో సోనీ, ఫిలిప్స్, తోషిబా మున్నగు ఏడు సంస్థలు కలిసి హెచ్.డి.ఎం.ఐ.ని వెలువరించినవి. ఇందు చిత్రమును ధ్వనియు అంకెల రూపమున ఒకే తీగలో పోవును. 2006లో వెసా అను సంఘము దీనికి పోటీగా డిస్‌ప్లే పోర్ట్‌ను రూపొందించినది.

ఈ రెంటి భేదము ప్రయోజనమునందును, రుసుమునందును గలదు. హెచ్.డి.ఎం.ఐ. ముఖ్యముగా టెలివిజన్ కొరకు పుట్టినది. టెలివిజన్ ధ్వనిని అదే తీగ ద్వారా వెనుకకు స్పీకరునకు పంపు సౌకర్యము దీనియందు గలదు. దీనిని వాడు తయారీదారు ఏటేటా రుసుమును, ఒక్కొక్క పరికరమునకు రాయల్టీని చెల్లింపవలెను. డిస్‌ప్లే పోర్ట్ కంప్యూటర్ కొరకు పుట్టినది. ఒక తెరనుండి మరియొక తెరకు గొలుసువలె కలుపుకొని పోవచ్చును. పరికరము ఒక్కింటికి ఇంతయని వెసా సంఘము వసూలు చేయదు. అయినను టెలివిజన్లలో ఈ పోర్టు కానవచ్చుట అరుదు.

ఇక వేగము మాట. 4కె తెరపై అడ్డముగా 3,840, నిలువుగా 2,160 బిందువులుండును. వెరసి దాదాపు 83 లక్షలు. ఒక్కొక్క బిందువు రంగును తెలుపుటకు 24 బిట్లు. సెకనుకు 60 చిత్రములు మారినచో, సెకనుకు సుమారు 1,200 కోట్ల బిట్లు, అనగా 12 గిగాబిట్లు తీగలో పోవలెను. 2013 నాటి హెచ్.డి.ఎం.ఐ. 2.0 హద్దు 18 గిగాబిట్లు. కావున ఈ పనికి అది చాలును. 2017 నాటి 2.1 హద్దు 48. 2025 జూనులో వెలువడిన 2.2 హద్దు 96. డిస్‌ప్లే పోర్ట్ 2.1 హద్దు 80. 2025లో చైనా సంస్థల కూటమి ప్రకటించిన జి.పి.ఎం.ఐ. ఒక రూపమున 192 గిగాబిట్లను, వానితోపాటు 480 వాట్ల విద్యుత్తును ఒకే తీగలో పంపగలదు. అంకెలలో ఇదియే మిన్న. కాని అవతలి కొసను అదే పోర్టు గల తెర లేనిచో ఆ మిన్నతనము అక్కరకు రాదు.

2014 నుండి డిస్‌ప్లే పోర్ట్ చిత్రమును యు.ఎస్.బి. టైప్-సి పోర్టు ద్వారా పంపు ఏర్పాటు కూడ వచ్చినది. అయితే టైప్-సి ఆకారము గల ప్రతి పోర్టును చిత్రమును పంపదు; కొన్ని ఛార్జింగునకు మాత్రమే పనికివచ్చును. రూపము ఒకటైనంత మాత్రమున గుణము ఒకటి కాదు.

కావున కొనువారు గుర్తుంచుకొనవలసిన సూత్రము ఒక్కటియే. పంపు పరికరము, తీగ, తెర – ఈ మూటిలో తక్కువ శక్తి గలది ఏదో, మొత్తము వేగము దానికే పరిమితము. పాత సెట్-టాప్ బాక్సునకు ఖరీదైన తీగ తగిలించినంత మాత్రమున బొమ్మ మెరుగుపడదు. పెట్టెపై 2.1 అని యున్నంతనే 48 గిగాబిట్లు వచ్చునని నమ్మరాదు, పాత 2.0 పరికరమునకును ఆ అంకె వేయుటకు నియమావళి అవకాశమిచ్చుచున్నది. ఎన్ని బిందువులు, సెకనుకు ఎన్ని చిత్రములు అని అడిగి తెలిసికొనవలెను. వేగము మిక్కిలి కావలసినవారు అల్ట్రా హై స్పీడ్ అని ధ్రువీకరణ చీటి అంటించిన తీగనే తీసికొనవలెను. డిస్‌ప్లే పోర్ట్ గల కంప్యూటర్‌ను హెచ్.డి.ఎం.ఐ. తెరకు కలుపు అడాప్టర్ దానిని త్రిప్పి పెట్టినచో సాధారణముగా పనిచేయదు. అందుకు వేరొకటి కావలెను.

పల్లె పాఠశాలకు తెర కొనునపుడు ఈ విచారణ మరింత అవసరము. అచట ఒకసారి కొనిన తెరను పలు సంవత్సరములు వాడుకొనవలెను. వెల పెట్టి తెచ్చిన తెర, తగిన తీగ లేక గోడకు అలంకారమై నిలిచినచో నష్టపోవునది పిల్లల చదువు. పెద్ద అంకె గల ప్రమాణము కన్న, ఉన్న పరికరములతో కుదురు ప్రమాణమే మనకు మేలైనది.