ఎముక వ్యాధి – ఎలుక సాక్ష్యం

విశాఖపట్నం ఉక్కు కర్మాగారంలో తయారయ్యే చువ్వలు కట్టడాలకు దృఢత్వాన్ని కలిగిస్తాయి. కాంక్రీటు బరువును మోస్తే, చువ్వలు దానిని విరిగిపోకుండా పట్టి ఉంచుతాయి. మన ఎముక నిర్మాణం కూడా ఇటువంటిదే. కాల్షియం లవణాలు కాంక్రీటు వంటివి. కొల్లాజెన్ అనే ప్రోటీను పోగులు ఉక్కుచువ్వల వంటివి.

ఎముకలోని కొల్లాజెన్ మూడు గొలుసులు పెనవేసుకొన్న తాడు. వాటిలో రెండు ఒకే రకానివి, మూడవది వేరు. వీటిని నిర్దేశించే జన్యువులు లోపిస్తే ఎముకలు చిన్న దెబ్బకే విరుగుతాయి. ఇదే పెళుసు ఎముకల వ్యాధి. అమెరికాలోని జాక్సన్ ప్రయోగశాలలో ఒక చిట్టెలుకల వంశంలో ఇటువంటి లోపం దానంతట అదే ఏర్పడింది. జన్యులిపిలో ఒక్క అక్షరం జారిపోవడంవల్ల ఆ ఎలుకల కొల్లాజెన్‌లో ఆ వేరు రకం గొలుసు చేరడం లేదని శాస్త్రజ్ఞులు 1993లో వెల్లడించారు. కొత్త చికిత్సలను ముందుగా పరీక్షించడానికి ఆ ఎలుకలు ఎంతగానో తోడ్పడ్డాయి.

అయితే ఎలుక అన్నివేళలా సాక్ష్యం చెప్పదు. ప్రోగ్రెసివ్ సూడోరుమటాయిడ్ డిస్‌ప్లేసియా అనే అరుదైన వ్యాధిలో కీళ్ళలోని మృదులాస్థి క్రమంగా క్షీణిస్తుంది. బాల్యంలోనే వేళ్ళ కణుపులు లావెక్కుతాయి, నడక కష్టమవుతుంది. చూడడానికి కీళ్ళవాతంలా ఉన్నా, ఆ వ్యాధిలోని మంట, ఎర్రదనం దీనిలో కనిపించవు. కనుక వాతపు మందులవల్ల ప్రయోజనం లేదు. దీనికి మూలమైన విస్ప్-3 జన్యువును 1999లో గుర్తించారు. ఆ జన్యువును తొలగించిన ఎలుకలు మాత్రం ఆరోగ్యంగానే పెరిగాయని 2005లో తేలింది!

ఎలుక మౌనం వహించిన చోట రోగుల కుటుంబాలే ఆధారమయ్యాయి. హైదరాబాదులోని సి.డి.ఎఫ్.డి. సంస్థ శాస్త్రజ్ఞులు భారతీయ కుటుంబాలలో ఈ జన్యువును విశ్లేషించి 2012లో ఫలితాలను ప్రకటించారు.

తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి – లోపమున్న రెండు ప్రతులూ చేరినప్పుడే బిడ్డకు ఈ వ్యాధి వస్తుంది. తల్లిదండ్రులిద్దరూ ఒక్కొక్క ప్రతిని మోస్తున్నప్పుడు ప్రతి కాన్పులోనూ ఆ అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికాలలో దంపతుల పూర్వికులు ఒకరే కావడంవల్ల ఇద్దరిలోనూ ఒకే లోపం ఉండే అవకాశం పెరుగుతుంది. అందువల్ల అటువంటి కుటుంబాలు జన్యు సలహాను పొందడం మేలు. బిడ్డ వ్యాధికి తల్లినొక్కదానినే నిందించడం అన్యాయమే కాదు, అశాస్త్రీయం కూడా.