యుద్ధకాలంలో క్షయ: బ్రిటిష్ స్థానిక సంస్థల అనుభవం

యుద్ధమృతుల లెక్కలలో క్షయరోగులు చేరరు. అయినా రెండవ ప్రపంచయుద్ధపు తొలి రెండేళ్ళలో ఇంగ్లండు, వేల్సులలో ఈ వ్యాధి వల్ల సంభవించే మరణాలు ఏటా సుమారు 26 వేల నుండి 28 వేలకు పైగా పెరిగాయి. దశాబ్దాలుగా తగ్గుతూ వచ్చిన సంఖ్య అది. నమ్మకంగా క్షయను నయం చేయగల ఔషధం అప్పటికి ప్రపంచంలో ఎక్కడా లేదు. మందు లేని రోజులలో అక్కడి కౌంటీ, నగర పాలక సంస్థలు ఈ వ్యాధిని ఎట్లా ఎదుర్కొన్నాయి, ఎక్కడ పొరబడ్డాయి అన్నది నేటికీ తెలుసుకోదగిన విషయం.

మొదటి పొరబాటు యుద్ధారంభంలోనే జరిగింది. బాంబుదాడులలో గాయపడే వారికి పడకలు కావాలని 1939 సెప్టెంబరులో శానటోరియంల నుండి వేలాది రోగులను ఇళ్ళకు పంపివేశారు. వారిలో దగ్గినప్పుడల్లా క్రిములను వెదజల్లేవారూ ఉన్నారు. అనుకున్నంతమంది క్షతగాత్రులు ఆ నెలలలో రానే లేదు. పడకలు ఖాళీగా మిగిలాయి, వ్యాధి మాత్రం ఇంటిల్లిపాది మధ్యకు చేరింది.

క్షయక్రిమి వ్యాపించే తీరు తెలిస్తే యుద్ధం దానికి ఎట్లా సహకరించిందో అర్థమవుతుంది. దగ్గుతో వెలువడిన అతిసూక్ష్మమైన తుంపరలు గంటల తరబడి గాలిలో తేలుతూ ఉంటాయి. గాలి ధారాళంగా ఆడేచోట అవి పలుచబడిపోతాయి. కాని శత్రువిమానాలకు వెలుగు కనబడకుండా కిటికీలన్నీ మూసి కప్పిన కర్మాగారాలలో రాత్రి పనివారు కిక్కిరిసి ఉండేవారు. క్రిమి సోకిన ప్రతివారూ జబ్బుపడరు. నూటికి తొంబైమందిలో శరీరం దానిని చుట్టుముట్టి బంధించి ఉంచుతుంది. అలసట, పోషకాహార లోపం ఆ కోటగోడను బలహీనపరుస్తాయి.

1941లో బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి, యుద్ధకాలపు క్షయపై ఒక సంఘాన్ని నియమించింది. డాక్టర్ ఫిలిప్ డార్సీ హార్ట్ దాని కార్యదర్శి. 1942 నాటి దాని నివేదిక ఫలితంగా మరుసటి ఏడు సామూహిక ఎక్స్-రే పరీక్షలు మొదలయ్యాయి. ఈ పద్ధతిని 1936లో బ్రెజిల్ వైద్యుడు మాన్యుయెల్ డి అబ్రూ రియో డి జనీరోలో ప్రవేశపెట్టాడు. ఎక్స్-కిరణాలు ఛాతీ గుండా సాగి, తగిలితే మెరిసే రసాయనపు పూత గల తెరపై నీడచిత్రాన్ని ఏర్పరుస్తాయి. దానిని మామూలు 35 మిల్లీమీటర్ల సినిమా ఫిల్ముపై ఫోటో తీస్తారు. పెద్ద ఎక్స్-రే ఫిల్ముతో పోలిస్తే దీని విస్తీర్ణం నూరవ వంతు కూడా ఉండదు. ఫిల్ముకు ప్రాణం వెండి లవణాలు కనుక, ఖర్చు ఎంత తగ్గిందో ఊహించవచ్చు. స్థానిక సంస్థల బృందాలు ఈ యంత్రాలతో కర్మాగారాలకే వెళ్ళి, దగ్గైనా రానివారిలో సైతం తొలిదశ క్షయను కనిపెట్టాయి.

అయితే, నీడ కనబడిందని చెప్పగానే కార్మికుడు శానటోరియంకు పోగలడా? నెలల తరబడి మంచం పడితే ఇంట్లో పొయ్యి వెలిగేదెట్లా? అసలు చిక్కు ఇక్కడే ఉంది. అందుకే 1943లో ఆరోగ్య మంత్రిత్వశాఖ '266/టీ' అనే మెమొరాండం ద్వారా, చికిత్సకు ఒప్పుకున్న రోగుల కుటుంబాలకు భత్యం ఇచ్చే ఏర్పాటు చేసింది. పంపిణీ స్థానిక సంస్థల బాధ్యత. ఇది మంచి ఆలోచనే గాని, అందులో ఒక కఠినమైన షరతు ఉంది. కోలుకుని తిరిగి పనిలో చేరగల ఊపిరితిత్తుల క్షయరోగులకే ఆ భత్యం. వ్యాధి ముదిరినవారికీ, ఎముకలు మొదలైన ఇతర అవయవాల క్షయ గలవారికీ లేదు. కర్మాగారాలకు మనుషులు కావలసిన కాలం కనుక లెక్క అట్లా వేశారు. వైద్యదృష్టితో చూస్తే ఇది తలక్రిందుల లెక్క. ఎక్కువగా క్రిములను వెదజల్లేది ముదిరిన రోగియే. 1948లో జాతీయ సహాయ చట్టం వచ్చేదాకా ఈ ఏర్పాటు సాగింది.

మరొక సంగతి. మరణాలు 1942లోనే తగ్గుముఖం పట్టాయి, ఎక్స్-రే బృందాలు అప్పటికింకా పనిలోకి దిగలేదు. కనుక ఆ కీర్తినంతా యంత్రానికే కట్టబెట్టడం సరికాదు. ఆహారం రేషన్ పద్ధతిలో అందరికీ అందింది. 1940 జూలై నుండి గర్భిణులకూ, అయిదేళ్ళలోపు పిల్లలకూ చౌకగానో ఉచితంగానో పాలు ఇచ్చారు. పాలతోనూ ఒక ప్రమాదం లేకపోలేదు. పశువుల క్షయక్రిమి పచ్చిపాల ద్వారా పిల్లలకు సోకుతుంది. పాలు కాచందే త్రాగని మన ఇళ్ళలో తల్లులు తెలియకుండానే ఈ ముప్పును నివారించారు!

యుద్ధం నడుస్తుండగానే, 1943లో, అమెరికాలోని రట్గర్స్‌లో వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ మట్టిలోని సూక్ష్మజీవి నుండి స్ట్రెప్టోమైసిన్‌ను వేరుచేశాడు. దానిపై బ్రిటన్‌లో జరిగిన ప్రసిద్ధ పరీక్ష ఫలితాలు 1948లో వెలువడ్డాయి. దాని కార్యదర్శి కూడా ఆ హార్టే. ఔషధాలు వచ్చాక శానటోరియం అవసరమా అన్న ప్రశ్నకు సమాధానం మద్రాసు చెప్పింది. అక్కడి కేంద్రంలో 1956లో ఆరంభమైన పరిశోధన, ఇరుకు ఇళ్ళలోని పేదరోగులు సైతం మందులు సక్రమంగా వాడితే శానటోరియంలో ఉన్నవారితో ఇంచుమించు సమానంగా కోలుకుంటారనీ, కుటుంబసభ్యులకు అదనపు ముప్పు ఉండదనీ 1959లో నిరూపించింది. మదనపల్లె ఆరోగ్యవరం వంటి పేరున్న శానటోరియంలు గల మన ప్రాంతాలకు ఇది పెద్ద మార్పు.

పొయ్యి వెలిగించే ప్రశ్న మాత్రం మందులతో తీరలేదు. జార్ఖండ్‌లో రోగుల కుటుంబాలకు నెలనెలా ఆహారధాన్యాలు అందించి చూసిన పరిశోధన ఫలితాలు 2023లో ప్రచురితమయ్యాయి. ఆ ఇళ్ళలో కొత్తగా క్షయ సోకినవారి సంఖ్య దాదాపు 40 శాతం తగ్గింది. భారత ప్రభుత్వం 2018 నుండి చికిత్సలో ఉన్న ప్రతి రోగికీ పోషణ కోసం నెలకు 500 రూపాయలు ఇస్తూ వచ్చి, 2024 నవంబరు నుండి దానిని 1000 రూపాయలు చేసింది. ఇందులో కోలుకోగలవారు, కోలుకోలేనివారు అన్న భేదం లేదు.