ఒకే పాఠశాలలో దంపతులు

భార్యాభర్తలిరువురును ఒకే పాఠశాలలో ఉపాధ్యాయులుగా నుండుట నేడు మనకు వింత గాదు. ఉదయమున కలసి బయలుదేరి, చెరియొక తరగతికి పోయి, సాయంకాలము కలసి యిల్లు చేరువారిని మన పట్టణములలోను చూచుచునే యున్నాము. కాని యీ చిన్న విషయము వెనుక స్త్రీల చరిత్ర చాల యిమిడియున్నది. రోమన్ కాథలిక్కు ఉన్నత పాఠశాలలలో నిది మఱింత విశేషము. ఏలయన, ఆ బడులను పెంచి పెద్దచేసినవారు పెండ్లి వలదని వ్రతము పూనినవారు. నేడందు పాఠములు చెప్పువారిలో సంసారులే మెండు. ఈ మార్పు ఎట్లు వచ్చినదో, ఆడుదానికి దానివలన ఏమి దక్కినదో, ఏమి భారము పైబడినదో సోదరీమణులు తెలిసికొనదగియున్నది.

మన పూర్వకథలలో గురుకులమనగా గృహస్థుని యిల్లు. దిలీపుడును సుదక్షిణయు సంతానార్థులై వసిష్ఠాశ్రమమునకు పోయినపుడు కాళిదాసు వారికి చూపినది ఋషి నొక్కనినే కాదు, అరుంధతీ సహితుడైన ఋషిని. శిష్యునకు విద్య గురువు చెప్పెను, అన్నము గురుపత్ని పెట్టెను. అంత చేసియు ఆ తల్లికి గురువను పేరు రాలేదు. కాథలిక్కుల సంప్రదాయము వేఱు త్రోవ పట్టినది. అచ్చట స్త్రీకి గురువను పేరు దొరకినది గాని, దానికి వెలగా ఆమె సంసారమును విడువవలసి వచ్చినది. కన్యాస్త్రీయై మఠమున చేరినచో పాఠము చెప్పవచ్చును, పాఠశాల కధికారిణియు కావచ్చును.

అమెరికా దేశమున ఈ బడులకు పునాది వేసినవారిలో ముఖ్యురాలు ఎలిజబెత్ ఆన్ సీటన్ అను నామె. ఆమె కన్య గాదు. అయిదుగురు బిడ్డల తల్లి. 1803లో ఇటలీ దేశమున భర్త మరణింపగా, 1805లో కాథలిక్కు మతమును స్వీకరించి, 1809లో మేరీలాండు రాష్ట్రమందలి ఎమిట్స్‌బర్గునకు పోయి కన్యాస్త్రీల సంఘమును నెలకొల్పి, బాలికలకు విద్య గఱపెను. 1975లో పోపుగారు ఆమెను పునీతురాలిగా ప్రకటించిరి. సంసారమెఱిగిన తల్లి వేసిన బీజము కన్యాస్త్రీల చేతులలో పెరిగి మహావృక్షమైనది.

1884లో బాల్టిమోరున కూడిన బిషప్పుల మహాసభ, ప్రతి విచారణకును ఒక బడి యుండవలెనని శాసించెను. 1960 ప్రాంతమున ఆ దేశపు కాథలిక్కు బడులలో 50 లక్షలకు పైబడి పిల్లలు చదువుచుండిరి. బోధించువారిలో నలువురికి దాదాపు ముగ్గురు కన్యాస్త్రీలు, ఫాదర్లు, మఠసోదరులే. 1962 మొదలు 1965 వఱకు జరిగిన రెండవ వాటికన్ మహాసభకు పిమ్మట మఠములలో చేరువారు తగ్గిరి, చేరినవారిలో పలువురు వెలుపలికి వచ్చిరి. నేడు ఆ బడుల సిబ్బందిలో నూటికి 97 మంది మఠదీక్ష లేనివారే. పిల్లల సంఖ్యయు సుమారు 17 లక్షలకు దిగినది.

ఇక దంపతులు ఒకరినొకరు ఎఱుగుట ఎట్లు? 1929లో పోపు పదునొకండవ పయస్సుగారు బాలబాలికలకు సహవిద్య తగదని లేఖ వ్రాసిరి. కనుక అనేక నగరములలో మగపిల్లలకు ఒక బడి, ఆడుపిల్లలకు ఒక బడి కట్టిరి. ఫిలడెల్ఫియా నగర సమీపమున డ్రెక్సెల్ హిల్ అను చోట బానర్ అను బాలుర పాఠశాలయు, ప్రెండర్‌గాస్ట్ అను బాలికల పాఠశాలయు ప్రక్కప్రక్కనే యుండెడివి. నేడవి యొక్కటే పాఠశాల. గోడలు వేఱైనను, ఇట్టి జంట బడులవారు నృత్యోత్సవములందును ఆటల పందెములందును కలిసికొనుచునే యుండిరి. బాల్యమున అట్లు పరిచయమై, పెండ్లియాడి, చదివిన బడికే పాఠములు చెప్ప మరలి వచ్చినవారును కలరు.

ఐనను పెండ్లి యైన స్త్రీకి బడి తలుపు తెఱచుట సులభముగా జరుగలేదు. ఈ కట్టడి ఏ యొక్క మతమునకో చెందినది కాదు. అమెరికాలోని సర్కారు బడులలో సైతము రెండవ ప్రపంచయుద్ధమునకు ముందు పలుచోట్ల వివాహితలను చేర్చుకొనెడివారు కారు. కన్య పెండ్లియాడినచో పని మానవలసినదే. ఇంగ్లండులో ఆ నిషేధమును 1944 నాటి విద్యాచట్టము తొలగించెను. ప్రాథమిక పాఠశాలలు మిక్కిలిగా కాథలిక్కు ఫాదర్ల యాజమాన్యమున నున్న ఐర్లండులో 1958 వఱకు అది తొలగలేదు. పెండ్లి యైన పురుషునకు బాధ్యత పెరిగినదని గౌరవము హెచ్చును. పెండ్లి యైన స్త్రీకి అదే కారణమున జీతము పోవును! ఇది యేమి న్యాయము?

తలుపు తెఱచినంతనే చిక్కులు తీరలేదు. కన్యాస్త్రీ తన కొఱకు కూడబెట్టదు. మఠమే ఆమెకు అన్నవస్త్రములిచ్చును. సంసారులకు ఇంటి అద్దె, బిడ్డల చదువు, ముసలితనము కలవు. కాథలిక్కు బడుల ఉపాధ్యాయుల జీతమునకు ప్రభుత్వము తోడ్పడవలెనని రోడ్ ఐలండు, పెన్సిల్వేనియా రాష్ట్రములు చట్టములు చేయగా, మతమునకును రాజ్యమునకును పొత్తు కూడదని 1971లో అమెరికా సుప్రీంకోర్టు వానిని కొట్టివేసెను. 1979లో షికాగో మొదలగు చోట్ల కాథలిక్కు ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయుల సంఘముల విషయము వచ్చినపుడు, వారిపై జాతీయ కార్మిక సంబంధముల బోర్డునకు అధికారము లేదని తీర్పు చెప్పెను.

ఒకే బడిపై ఆధారపడిన దంపతుల స్థితి ఎంత సున్నితమో ఫిలడెల్ఫియాలో చూడవచ్చును. అచ్చటి కార్డినల్ డౌహర్టీ పాఠశాలలో ఒకప్పుడు 6,000 మందికి పైగా చదివిరి. 2010లో దానిని మూసివేసిరి. 2011 సెప్టెంబరులో ఆ అగ్రపీఠపు 17 ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులు 700 మందికి పైగా సమ్మె చేసిరి. 2012 జనవరిలో మఱి నాలుగు ఉన్నత పాఠశాలలు మూయవలెనని విచారణసంఘము సిఫారసు చేయగా, పూర్వవిద్యార్థులును దాతలును ముందునకు రాగా, మరుసటి నెలలో అవి నిలిచినవి. ఇట్టి వేళ భర్త యొక్కడే యందు పనిచేయు నింటికి సగము దీపమారును. ఇరువురును అందే పనిచేయు నింటికి పూర్తిగా చీకటియే.

అట్లని ఈ జీవనము కూడదని నా భావము గాదు. ఒకే పనియందున్న దంపతులకు ఒకరి యలసట ఒకరికి చెప్పకయే తెలియును. మొండికెత్తిన బాలుని గూర్చి ఇరువురును ఆలోచించి దారి కనుగొందురు. చాల బడులలో ఉపాధ్యాయుల బిడ్డలకు ఫీజు తగ్గింపును కలదు. అన్నిటికంటె మిన్నగా, అన్యోన్యముగా, మర్యాదగా మెలగు జంటను కన్నులార చూచుట విద్యార్థులకు పుస్తకమున లేని పాఠము.

కాని యొక ప్రశ్న మిగిలియున్నది. ఇంటికి వచ్చిన పిమ్మట ఇరువురి చేతులలోను దిద్దవలసిన కాగితములున్నపుడు, పొయ్యి దగ్గఱకు పోవలసినది ఎవరు? బడిలో సమానులైన వారు ఇంటి గడప దాటగానే ఒకరు గురువును, ఒకరు గురుపత్నియు నైనచో, మార్పు సగమే జరిగినదనవలెను. అరుంధతికి అన్నపు గరిటె మాత్రమే దక్కినది. మఠకన్యకు పుస్తకము మాత్రమే దక్కినది. నేటి ఉపాధ్యాయినికి రెండును దక్కినవి గాని, రెండింటి బరువును ఒక్క భుజముననే మోయుమనుట ధర్మము గాదు.

కావున ఇట్టి జీవనమునకు సిద్ధపడు సోదరీమణులకు నా విన్నపము: మీ జీతము మీ పేరుననే యుండనిండు. భర్తయే ప్రధానోపాధ్యాయుడైనచో, మీ పనిని వేఱొకరు పరీక్షించునట్లు కోరుడు. అది మీ గౌరవమునకే మేలు. బడి మూతపడినను కొన్ని నెలలు గడచునంత సొమ్ము ప్రక్కన నుంచుడు. వంటయు కాగితములును ఇరువురును పంచుకొనుడు. సహధర్మచారిణి యను మాటకు కలసి ధర్మము నడపునది యని యర్థము. కలసి నడచుటకు ఇరువురి యడుగులును కావలయును గదా!