ఒడ్డు నుంచే సముద్రంలోకి: చోటు ఎంచుకునేదెలా?

సెలవులకు అండమాన్ దీవులకు వెళ్లే కుటుంబాల్లో చాలామందికి స్కూబా డైవింగు మీద మోజు. వీపున గాలి సిలిండరు కట్టుకుని, పగడపు దిబ్బల మధ్య రంగురంగుల చేపలను చూసి రావాలని ఎవరికుండదు? పడవ ఎక్కితే కడుపులో తిప్పేవారికి ఒడ్డు నుంచి నడిచి దిగే డైవింగు మరీ అనుకూలం. అయితే ఏ ఒడ్డు పడితే ఆ ఒడ్డు దీనికి పనికిరాదు. చేపలు ఎక్కువగా కనబడేదే మంచి చోటని చాలామంది అనుకుంటారు. ఆరోగ్యం దృష్ట్యా చూస్తే, అలసిపోయిన మనిషి కూడా సుఖంగా నడిచి బయటకు రాగలిగేదే మంచి చోటు.

ఎలాంటి ఒడ్డు మంచిది?

అడుగున ఇసుక ఉండాలి. లోతు మెల్లమెల్లగా పెరగాలి. దిగేముందు ఒడ్డున పావుగంట నిలబడి అలలను గమనించండి. అటూ ఇటూ అలలు విరుగుతూ, మధ్యలో ఒక పాయ మాత్రం ప్రశాంతంగా కనబడితే సంతోషించకండి. వచ్చిన నీరు వెనక్కి లాక్కుపోయే దారి అది. ఒకవేళ అందులో చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదకుండా, ఒడ్డు వెంబడి పక్కకు ఈదాలి.

హావ్‌లాక్ దీవిలో (2018 నుంచి దీని పేరు స్వరాజ్ ద్వీప్) నీమో రీఫ్ అనే చోట కొత్తవారిని ఒడ్డు నుంచే నడిపించి దించుతారు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది. నైరుతి రుతుపవనాలు వచ్చాక అలలు పెరిగి, నీరు మసకబారుతుంది.

తిథి చూసుకోండి

గోడమీది క్యాలెండరు ఇక్కడ బాగా పనికొస్తుంది. పున్నమి, అమావాస్యలకు, ఆ తర్వాత రెండు రోజులు ఆటుపోట్ల తేడా ఎక్కువ, ప్రవాహం కూడా జోరు. అష్టమి, నవమి నాటికి నెమ్మదిస్తుంది. నీరు తీసినప్పుడు ఒడ్డు దగ్గరి పగడపు రాళ్లు బయటపడతాయి. వాటి మీద నడిస్తే కాళ్లు కోసుకుంటాయి, పగడాలూ విరుగుతాయి. అందుకే పోటు నిండి, నీరు నిలకడగా ఉన్న వేళ దిగడం మేలు.

మడ అడవుల కాలువలు సముద్రంలో కలిసే చోట అసలు దిగకండి. ఉప్పునీటి మొసళ్లు తిరిగేది అక్కడే. 2010లో హావ్‌లాక్‌లోని రాధానగర్ తీరం దగ్గర స్నార్కెలింగు చేస్తున్న విదేశీ యాత్రికురాలు మొసలి దాడిలో మరణించింది. హెచ్చరిక బోర్డు ఉన్నచోట 'ఏం కాదులే' అనుకోకూడదు.

ఎవరు దిగకూడదు?

గర్భిణులు, మూర్ఛ వ్యాధి ఉన్నవారు దిగకూడదు. ఉబ్బసం, గుండెజబ్బు, అధిక రక్తపోటు, మధుమేహం ఉన్నవారు ఊళ్లోనే డాక్టరుకు చూపించుకుని, అనుమతి తీసుకుని బయలుదేరాలి. డబ్బు కట్టేశామని అక్కడ ఇచ్చిన కాగితంలో జబ్బులు దాచిపెడితే నష్టం మనకే. జలుబు చేసిననాడు డైవింగు మానుకోండి. ముక్కు దిబ్బడ వేస్తే చెవిలోని గాలి సర్దుకోదు, కర్ణభేరి చిరిగే ప్రమాదం ఉంది.

పది మీటర్ల లోతున ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు. అందుకే దిగేటప్పుడు నొప్పి మొదలవకముందే ముక్కు మూసి మెల్లగా గాలి ఊదుతుండాలి. నొప్పి పుడితే ఆగి, కాస్త పైకి రావాలి. ఊపిరి మాత్రం ఎన్నడూ బిగబట్టకండి. లోతున పీల్చిన గాలి పైకి వచ్చేకొద్దీ వ్యాకోచించి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

విమానం తొందర వద్దు

నీటి అడుగున మన ఒంట్లో నత్రజని ఎక్కువగా కరుగుతుంది. మెల్లగా పైకి వస్తే అది ఊపిరితో పోతుంది. ఆ మిగులు పోకముందే విమానం ఎక్కితే, పైన ఒత్తిడి తక్కువ గనుక బుడగలు కట్టవచ్చు. ఒక్కసారి డైవింగు చేస్తే కనీసం 12 గంటలు, రెండు మూడుసార్లు చేస్తే 18 గంటలు ఆగాలి. పొద్దున డైవింగు, మధ్యాహ్నం చెన్నై విమానం అనే ఏర్పాటు ఎంతమాత్రం పనికిరాదు. డైవింగును యాత్ర మొదట్లో పెట్టుకోండి.

డైవింగు తర్వాత కీళ్ల నొప్పులు, తిమ్మిర్లు, కళ్లు తిరగడం, విపరీతమైన నీరసం ఉంటే ఎండదెబ్బ అని పడుకోబెట్టకండి. వెంటనే ఆక్సిజన్ పెట్టించి, ఆసుపత్రికి చేర్చాలి. అందుకే డైవింగు ఏర్పాటు చేసేవారిని ముందుగా రెండు ప్రశ్నలు అడగండి: "ఒడ్డున ఆక్సిజన్ సిలిండరు ఉందా? అవసరమైతే ఏ ఆసుపత్రికి, ఎలా తీసుకెళ్తారు?" వీటికి తడుముకోకుండా జవాబు చెప్పేవారి వెంటే నీటిలోకి దిగండి.