కోచింగ్‌కు కళ్లెం: మార్గదర్శకాలు సరిపోవు, చట్టం కావాలి

2023 జూన్ 15న ఉత్తర ఢిల్లీలోని ముఖర్జీ నగర్‌లో ఓ కోచింగ్ కేంద్రం ఉన్న భవనంలో మంటలు రేగాయి. విద్యార్థులు కిటికీల్లోంచి తాళ్లు, వైర్లు పట్టుకుని కిందికి జారారు. ఏడాది తర్వాత, 2024 జులై 27న, ఓల్డ్ రాజిందర్ నగర్‌లోని ఓ కోచింగ్ కేంద్రం సెల్లార్ లైబ్రరీలోకి వరద నీరు చేరి ముగ్గురు సివిల్స్ అభ్యర్థులు చనిపోయారు.

ఈ రెండు ఘటనల మధ్యే, 2024 జనవరిలో, కేంద్ర విద్యాశాఖ కోచింగ్ కేంద్రాలకు మార్గదర్శకాలు ఇచ్చింది.

వాటిలో ఏముంది?

16 ఏళ్లలోపు పిల్లలను చేర్చుకోరాదు. రోజుకు 5 గంటలకు మించి తరగతులు ఉండరాదు. ఒక్కో విద్యార్థికి కనీసం చదరపు మీటరు చోటు ఉండాలి. ర్యాంకులు గ్యారంటీ అని ప్రచారం చేయరాదు. మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు 10 రోజుల్లో తిరిగివ్వాలి.

పేద కుటుంబాలకు ఈ చివరి నిబంధనే కీలకం. అప్పు చేసి ఫీజు మొత్తం ఒకేసారి కట్టిన తండ్రి, నెలకే పిల్లవాడు ‘నా వల్ల కావడం లేదు’ అంటే ‘ఎలాగోలా పూర్తి చెయ్యి’ అంటాడు. డబ్బు వెనక్కి వస్తుందన్న భరోసా ఉంటే ఇంటికి పిలిపించుకోగలడు.

మరి అమలు?

విద్య ఉమ్మడి జాబితాలోని అంశం. కేంద్రం ఇచ్చింది నమూనా మాత్రమే. రాష్ట్రాలు చట్టమో, నిబంధనలో చేస్తేనే జరిమానాకు బలం వస్తుంది. రాజస్థాన్ 2025లో చట్టం చేసింది. కానీ 16 ఏళ్ల నిబంధన అందులో లేదు. 100 మందికి పైగా విద్యార్థులున్న కేంద్రాలకే అది వర్తిస్తుంది.

తెలుగు నేలకు దీనితో నేరుగా సంబంధం ఉంది. విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతున్న 17 ఏళ్ల విద్యార్థిని 2023లో మరణించిన కేసులోనే సుప్రీంకోర్టు 2025 జులై 25న విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై 15 మార్గదర్శకాలు ఇచ్చింది. కోచింగ్ కేంద్రాల రిజిస్ట్రేషన్‌కు, విద్యార్థుల రక్షణకు రెండు నెలల్లో నిబంధనలు తేవాలని రాష్ట్రాలను ఆదేశించింది.

అయితే మన దగ్గర కోచింగ్ చాలావరకు ఇంటర్ కాలేజీలు, వాటి హాస్టళ్లలోనే సాగుతుంది. కొన్ని స్కూళ్లలో ఆరో తరగతికే మొదలవుతుంది. ‘కోచింగ్ కేంద్రం’ అన్న బోర్డునే చూసే చట్టానికి ఈ పిల్లలు కనిపించరు. అందుకే ఏ ముసాయిదా వచ్చినా ముందుగా చదవాల్సింది నిర్వచనాల సెక్షన్. ఎవరికి రక్షణ దక్కుతుందో తేలేది అక్కడే.